తలపాగా, సాలమాండర్

బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ చిహ్నం మధ్యలో ఒక తలపాగా ఉంటుంది. హైదరాబాదు నిజాంది. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థంలో ఇంగ్లిషు నినాదం. 79వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది సాలమాండర్, నిప్పులో కూడా కాలదని యూరప్ కథలు చెప్పే బల్లిలాంటి జీవి. మొదటి దళం పేరులో హైదరాబాదు ఉంది, రెండోదాని పేరులో మద్రాసు ప్రెసిడెన్సీ. రెండో ప్రపంచయుద్ధంలో అందిన డబ్బుకు గుర్తింపుగా పెట్టిన పేర్లవి. విమానం ఎక్కనివాళ్లకు విమానదళం మీద దక్కిన గౌరవం. రాజపాళయం పక్కనున్న మా చోళపురం అప్పట్లో రామనాథపురం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంట తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మా పెద్దలు ఆ రెండో పేరు కిందివాళ్లే. అందుకే ఈ పోలిక నాకు దూరపు సంగతి కాదు.

హైదరాబాదు కథ పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఏ బాంబర్లు సమకూరాయి. వాటి మీద నిజాం కానుక అని రాశారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేత చిక్కింది, బెర్లిన్, పోలండ్ తిరిగి ఇప్పుడు లండన్ వాయుసేన మ్యూజియంలో ఉంది. అదే 1918లో నిజాంకు ‘బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదు దక్కింది. ఆ బిరుదులోని మాటే తర్వాత 152వ దళానికి నినాదమైంది. బిరుదు, తలపాగా, దళం పేరు ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. చిహ్నకళగా చూస్తే దీనికి వంక పెట్టలేను.

వంక పెట్టాల్సింది లెక్కలో. నిజాం ఖజానాలోకి చేరిన డబ్బులో తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఉంది. చిహ్నంలో మాత్రం రైతు తలగుడ్డ లేదు.

జనం ఇచ్చిన చందాలకు గుర్తింపుగా మద్రాసు పేరు మూడు దళాలకు పెట్టారు: 79, 234, 264. చిహ్నాలు వరుసగా సాలమాండర్, నిప్పులు కక్కే డ్రాగన్, శిరస్త్రాణం. మూడింటిలోనూ మద్రాసు జాడ లేదు. రాజుకు వంశ చిహ్నం ఉంటుంది, చందా ఇచ్చిన జనానికి ఉండదు అనవచ్చు. ఆ జవాబు నాకు చాలదు. ఒక తాటిచెట్టు గీసినా మా నేల అని పోల్చుకునేవాళ్లం. పైగా ఆ చందాల కాలం చూడండి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులోనే రాజీనామా చేసింది. ఆయన 1940 డిసెంబరులో జైలుకెళ్లారు. పాలన గవర్నరు చేతిలో ఉంది. మమ్మల్ని అడగకుండా మమ్మల్ని యుద్ధంలోకి దింపారని జనం మొరపెట్టుకుంటున్న రోజుల్లోనే వాళ్ల పేరు విమానదళాలకు ఎక్కింది. నిజాం తన ఇష్టంతో మిత్రుడయ్యాడు. మద్రాసు జనం మిత్రులో కాదో అడిగినవాళ్లు లేరు.

దళాల పనిలో మాత్రం తేడా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏడాదే 79వ స్క్వాడ్రన్ భారతదేశానికి వచ్చి బర్మా యుద్ధంలో హరికేన్లతో, తర్వాత థండర్‌బోల్టులతో పోరాడింది. స్పిట్‌ఫైర్లతో 152వ దళమూ అదే రంగంలో ఉంది. తలపాగా, సాలమాండర్ ఒకే ఆకాశంలో ఎగిరాయి.

ఈ చిహ్నాల పక్కన నేను ఎప్పుడూ నిలబెట్టుకునేది 1971 డిసెంబరు నాటి మాధాపర్‌ను, గుజరాత్‌లో భుజ్ దగ్గరి ఊరిని. పాకిస్తాన్ బాంబులకు భుజ్ రన్‌వే ఛిద్రమైతే ఆ ఊరి ఆడవాళ్లు సుమారు 300 మంది మూడు రోజుల్లో దాన్ని మళ్లీ విమానం దిగేలా చేశారు. పైన శత్రు విమానం వస్తే పొదల్లోకి పరుగు, పోగానే మళ్లీ పని. ప్రభుత్వం 50,000 రూపాయలు బహుమతిగా ఇస్తే దాన్ని ఊరి ఉమ్మడి భవనానికి ఇచ్చేశారు. వాళ్ల స్మారకం 2015లో ఆ ఊళ్లోనే వెలిసింది. అక్కడ కట్టిన విగ్రహాలు పనిచేసిన ఆడవాళ్లవే.