పరుపు సంగతి వీపునడగాలి

పరుపుల దుకాణంలో ఎప్పుడైనా కాసేపు నిలబడి చూడండి. వచ్చినవాళ్లలో చాలామంది అరచేత్తో పరుపును రెండుసార్లు నొక్కుతారు, అంచున ఓసారి కూర్చుని లేస్తారు, ధర అడుగుతారు. పై గుడ్డ మెరుపు, కుట్టు అందం పరిశీలిస్తారు. చెప్పులు విడిచి, వెల్లకిలా పడుకుని, పక్కకు ఒత్తిగిలి, పది నిమిషాలు అలా ఉండేవాళ్లు అరుదు. నలుగురిలో పడుకోవాలంటే మొహమాటం. పట్టుచీరను భుజాన వేసుకుని అద్దంలో చూసుకోనిదే బిల్లు వేయించని మనం, రోజులో మూడో వంతు గడిపే పరుపును చేత్తో తడిమి కొనేస్తున్నాం.

కొత్త ఇంట్లోకి మారే బంధువులూ స్నేహితులూ పడకగది గురించి అడిగినప్పుడల్లా నేను ఒకే వరస చెబుతాను. ముందు పడుకునే మనిషి, తర్వాత పరుపు, ఆ తర్వాత మంచం. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు. గది గోడల రంగుకు నప్పే మంచం ముందు వస్తుంది. దాని కొలతకు సరిపోయే పరుపు వస్తుంది. చివరికి మనిషి వచ్చి అందులో సర్దుకుపోతాడు. సర్దుకోలేని నడుము తెల్లారేసరికి నొప్పి రూపంలో సమాధానం చెబుతుంది.

మన పెద్దల పడక ఏర్పాట్లలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. అందులో దేన్నైనా సరిచేసుకోవచ్చు. నులక మంచం వదులైతే కాళ్లవైపు తాళ్లు లాగి బిగించేవారు. నవారు మాసిపోతే విప్పి, ఉతికి, ఆరేసి మళ్లీ అల్లేవారు. దూది పరుపు ఉండలు కడితే దూదేకుల సాయిబు వచ్చేవాడు. మా పెరట్లో పరుపు కుట్లు విప్పి దూదంతా కుప్ప పోసి, విల్లు లాంటి పనిముట్టు తీగను ఆ కుప్పకు ఆనించి మీటుతుంటే, అణిగి గట్టిపడ్డ దూది విడివిడి పోగులై గాలిలోకి లేచేది. సాయంత్రానికి అదే దూది, అదే గుడ్డ, కానీ పరుపు కొత్తది. నాన్నకు కాస్త గట్టిగా ఉండాలంటే దూది ఎక్కువ కూరి కుట్టేవాడు. నాయనమ్మకు పలుచగా కావాలంటే కొంత తగ్గించి, మిగిలినది దిండ్లలో నింపేవాడు. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ల పరుపు ఇంటి ముందే తయారయ్యేది.

ఆ చేతిపనిలో పదార్థాల గురించిన తెలివిడి కూడా ఉండేది. పత్తి దూది చెమటను పీల్చుకుంటుంది, అందుకే దాన్ని తరచూ ఎండలో వేయాలి. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం లాంటి పూత ఉంటుంది. అందువల్ల తేలిక, తేమ పట్టదు. కానీ నిండు మనిషి బరువు కింద తొందరగా అణిగిపోతుంది. కాబట్టి దిండుకు బూరుగు, పరుపుకు పత్తి అనేది చాలా ఇళ్లలో పాటించిన పద్ధతి. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో దూదేకే యంత్రాన్ని బండి మీద పెట్టుకుని ఇంటి ముందుకు వచ్చి పరుపు తిరగేసి కుట్టి ఇచ్చేవాళ్లున్నారు. మంచి దూది పరుపు ఇంట్లో ఉంటే పారేయకండి. వాళ్లను పిలిచి ఏకించుకోండి.

ఇప్పుడు దుకాణంలో దొరికే పరుపులకు ఈ వెసులుబాటు లేదు. లోపల ఏముందో అదే చివరిదాకా. అందుకే కొనేముందే లోపలి సంగతి తెలుసుకోవాలి.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి అదిమి చేసేది కాయిర్ పరుపు. గాలి ఆడుతుంది, మన ఉక్కపోతకు హాయిగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నడుము ఆనే చోట పీచు నలిగి గొయ్యి పడటం దాని లోపం. ఫోమ్ పరుపుల్లో నాణ్యతకు గుర్తు సాంద్రత. ఘనపు మీటరు ఫోమ్ బరువెంతో అడగండి. రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపులో అడుగు పొర 32 కిలోలకు తగ్గకుండా ఉంటే మంచిది, 40 అయితే ఇంకా నిలుస్తుంది. అయితే సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత ఎక్కువున్న ఫోమ్ మెత్తగానూ ఉండొచ్చు. తుక్కు ఫోమ్ ముక్కల్ని అతికించి అదిమితే రీబాండెడ్ ఫోమ్ అవుతుంది. అది బాగా గట్టిగా ఉంటుంది. పై అట్ట మీద 'ఆర్థో' అని ఉన్న చాలా పరుపుల్లో అడుగున ఉండేది అదే. ఆ మాట చూసి నడుమునొప్పికి మందు దొరికిందనుకోవద్దు. ఇంత గట్టిగా ఉంటేనే ఆ పేరు పెట్టాలన్న నిర్ణీత కొలతేదీ దానికి లేదు.

మెమరీ ఫోమ్ 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధనల్లోంచి పుట్టింది. విమానాల సీట్లు ఒంటికి ఒత్తుకోకుండా ఉండాలని దాన్ని తయారుచేశారు. ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారానికి ఒదిగిపోతుంది. ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. కానీ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఏసీ లేని గదిలో, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల రాత్రి దాని మీద పడుకోవడం కష్టం. కావాలనుకుంటే పైన పలుచని పొరగా ఉన్నది చాలు.

రబ్బరు పాలను నురగ కట్టించి గడ్డ కట్టించే పద్ధతిని 1929లో ఇంగ్లండ్‌లో డన్‌లప్ పరిశోధకులు కనిపెట్టారు. లేటెక్స్ పరుపుకు మూలం అది. నొక్కితే దిగి, వదలగానే లేస్తుంది. సూదితో పొడిచినట్టు నిలువునా రంధ్రాలుండటం వల్ల గాలి తిరుగుతుంది. చాలా కాలం వస్తుంది. ధర ఎక్కువ, బరువూ ఎక్కువ, ఒక్కరు తిప్పలేరు. స్ప్రింగు పరుపుల్లో రెండు రకాలు. అన్నీ కలిపి కట్టిన స్ప్రింగులైతే ఒకరు కదిలితే పక్కవారూ కదులుతారు. ఒక్కో స్ప్రింగును ఒక్కో గుడ్డ సంచిలో కుట్టినవైతే ఆ బాధ తక్కువ. రాత్రి పాళీ చేసి తెల్లవారుజామున ఇంటికొచ్చే భర్తో భార్యో ఉన్న ఇంట్లో ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఇక ఎంత గట్టిగా ఉండాలి? నడుమునొప్పి అనగానే 'చెక్క బల్ల మీద పడుకో' అనే సలహా మన ఇళ్లలో తరాలుగా ఉంది. స్పెయిన్‌లో నడుమునొప్పితో బాధపడుతున్న 313 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, ఇంకో జట్టుకు మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూశారు. మధ్యస్థపు పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. ఆ అధ్యయనం 2003లో 'ది లాన్సెట్' పత్రికలో వచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ కొంచెం లోపలికి దిగాలి, అప్పుడే వెన్ను వాలిపోకుండా తిన్నగా ఉంటుంది. బల్ల మీద అవి దిగవు. మరీ మెత్తని పరుపులో నడుమంతా కుంగిపోతుంది.

దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు. వెల్లకిలా పడుకుని నడుము కిందికి అరచేయి దూర్చండి. చేయి అటూ ఇటూ ఖాళీగా ఆడితే పరుపు మీకు గట్టి ఎక్కువ. దూరనే దూరకపోతే మెత్తన ఎక్కువ. కాస్త ఒరుసుకుంటూ దూరితే సరైనది. తర్వాత పక్కకు తిరగండి. భుజం నలిగినట్టనిపించకూడదు. మీరు రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు ఉండండి. ఇద్దరు పడుకునే పరుపైతే ఇద్దరూ వెళ్లాలి. భర్తకు నచ్చిన గట్టిదనం భార్యకు సరిపడాలని లేదు. బరువుల్లో బాగా తేడా ఉంటే మొహమాటం లేకుండా రెండు సింగిల్ పరుపులు కొని పక్కపక్కన వేసుకోండి. 36 అంగుళాలవి రెండు కలిస్తే 72 అంగుళాల కింగ్ సైజు మంచం నిండుతుంది, ఎవరి పరుపు వారిది. ఆన్‌లైన్‌లో కొంటే 100 రాత్రులు వాడి చూసి తిరిగి ఇచ్చే వీలున్నవి ఎంచుకోండి, ఆ షరతులు ముందే చదవండి.

పెద్దవాళ్ల విషయంలో గట్టిదనం కన్నా ఎత్తు ముఖ్యం. పరుపుతో కలిపి మంచం ఎత్తు మోకాలి మడత దాకా ఉండాలి. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. ఇప్పటి మంచాల మీద పది అంగుళాల పరుపు వేస్తే చిన్న మనిషికి కాళ్లు వేలాడతాయి. అర్ధరాత్రి బాత్రూముకు వెళ్లాలని దిగబోయి పడేది ఇలాంటి చోటే. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అమ్మ కోసం కొత్త మంచం కొనలేదు మేము. వడ్రంగిని పిలిచి పాత టేకు మంచం కోళ్లు అమ్మ మోకాలి కొలతకు కోయించాం. అంచు కుంగిపోని పరుపు వేశాం. అమ్మ ఇప్పుడు ఎవరి చేయీ పట్టుకోకుండా లేస్తుంది.

పసిబిడ్డల సంగతి దీనికి పూర్తిగా వేరు. వాళ్లకు పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండ్లు, మెత్తని బొంతలు ముఖం దగ్గర ఉండకూడదు, ఊపిరి అందని ప్రమాదం ఉంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే అలవాటు మనది ప్రేమలోంచి వచ్చిందే, కానీ ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దనేదే పిల్లల డాక్టర్ల మాట.

మంచం దగ్గరికి వస్తే, ముందు టేపు తీసుకుని గది కొలవండి. పది అడుగుల గదిలో ఆరడుగుల వెడల్పు కింగ్ సైజు మంచం వేస్తే మిగిలేది నాలుగడుగులు. రెండడుగుల బీరువా పెడితే నడవడానికి రెండడుగులే, అదీ ఒక్కవైపే. ఐదడుగుల క్వీన్ సైజు వేస్తే ఇంకో అడుగు మిగులుతుంది, ఇద్దరికీ సరిపోతుంది. కింద సామాను దాచుకునే ప్లైవుడ్ పెట్టె మంచాలు అపార్టుమెంట్లలో అవసరమే. అయితే పైపలకలకు గాలి రంధ్రాలు లేకపోతే పరుపు అడుగున చెమట తేమ నిలిచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో వానాకాలం వచ్చేసరికి బూజు పడుతుంది. చేయించేటప్పుడే రంధ్రాలు పెట్టించండి. పలకలకు బదులు బద్దలైతే ఇంకా మంచిది. ఫోమ్, లేటెక్స్ పరుపులకు బద్దల మధ్య ఎడం మూడు అంగుళాలు దాటకూడదు. పెద్ద మంచానికి మధ్యలో ఒక కోడు ఉండి తీరాలి.

ఇంటికి తెచ్చాక చేయాల్సింది కొంచెమే, కానీ మానకూడదు. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపుకు మార్చండి. మొదటి రోజే ఉతుక్కునే తొడుగు వేయండి, మరక పడితే చాలా కంపెనీల వారంటీ పోతుంది. దూది పరుపుకు ఎండ మేలు చేస్తుంది. ఫోమ్‌నూ లేటెక్స్‌నూ మాత్రం నీడలో గాలికి పెట్టాలి, ఎండకు అవి పొడిబారి పెళుసెక్కుతాయి. మధ్యలో గొయ్యి పడి, పొరుగూరు వెళ్లినప్పుడు ఇంటికన్నా బాగా నిద్ర పడుతోందంటే ఆ పరుపు పని అయిపోయినట్టే. గొయ్యి మీద బొంత వేసి కాలం గడపొద్దు. దూదిని మళ్లీ ఏకవచ్చు, ఫోమ్‌ను ఏకలేం. అది మట్టిలోనూ కలవదు. అందుకే ఒక్కసారే చూసి, ఎక్కువ కాలం నిలిచేది కొనాలి.

చివరిగా, పెళ్లిళ్లు చేస్తున్న తల్లిదండ్రులకు ఒక మనవి. సారెలో మంచం, పరుపు పంపడం మన ఆనవాయితీ. ఆ మంచం చెక్కుడు పని చూసి నలుగురూ మెచ్చుకోవాలని మీరు తాపత్రయపడతారు. దాని మీద ఏళ్ల తరబడి పడుకోబోయేది వాళ్లిద్దరు. ఆ డబ్బు వాళ్ల చేతికిచ్చి దుకాణానికి పంపండి. చెక్కుడు పని తగ్గినా ఫర్వాలేదు, పరుపులో తగ్గకండి. చెప్పులు విడిచి, పడుకుని చూసి కొనుక్కోమని చెప్పండి.