ఇంటిపెద్ద జీవితం రాయడం

తెలుగు కుటుంబాల్లో గతించిన పెద్దలను తలచుకోవడానికి ఆచారం ఏర్పరచిన మార్గాలు అనేకం ఉన్నా, వాటిలో నిలిచేది ప్రధానంగా పేరే గాని జీవితం కాదు. ఆబ్దికంలో, అంటే మరణించిన మాస పక్ష తిథులను అనుసరించి ఏటా జరిపే శ్రాద్ధంలో, కర్త తన తండ్రిని, తాతను, ముత్తాతను వరుసగా వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించి, గోత్రనామాలు చెప్పి పిండప్రదానం చేస్తాడు. ముత్తాతకు పై తరాల పేర్లు ఆ వరుసలో వినిపించవు. కోస్తా జిల్లాల్లో సంక్రాంతినాడు కొత్త బట్టలు, పిండివంటలు పెద్దలకు పెట్టుకోవడం, తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాసగా పాటించి పెద్దల పేర బియ్యం ఇవ్వడం కూడా ఈ స్మరణలో భాగాలే. ఊరూరా తిరిగి రెడ్డి కుటుంబాల గోత్రాలను, వంశక్రమాలను గానం చేసిన పిచ్చుకుంట్లవారు, నేడు వంశరాజులుగా పిలవబడేవారు, అంతకంటె పొడవైన వరుసను కంఠస్థంగా కాపాడారు.

ఈ ఆచారాల విలువ చిన్నది కాదు. అయితే ఇంటిల్లిపాదినీ సాకిన పెద్దాయన ఏ అప్పుతో బావి తవ్వించాడో, ఏ చేను అమ్మి చెల్లెలి పెళ్లి చేశాడో, వానలు ముఖం చాటేసిన ఏడు పశువులను ఎలా బతికించుకున్నాడో మంత్రంలో గాని, వంశావళిలో గాని ఉండదు. ఆ భాగాన్ని కుటుంబమే పూనుకొని రాసుకోవాలి. ఈ పని తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ కొలువులో ఉండి, కరణాల దగ్గరి కవిలెలను, అంటే గ్రామ లెక్కల పుస్తకాలను, వృద్ధుల నోటిమాటలను ఆధారం చేసుకొని గ్రామచరిత్రలను సేకరింపజేశారు. కైఫీయతులుగా పేరొందిన ఆ రచనల పద్ధతి, అంటే కాగితాన్నీ మాటనూ పక్కపక్కన పెట్టి చూడడం, రెండు వందల ఏళ్లు గడిచినా ఇళ్లలోకి రాకపోవడం నిజంగా విచారించదగిన విషయం.

ఇలా ఇంటిపెద్ద జీవితం రాయడంలో కష్టమైనది కాలనిర్ణయం. పాతతరం వారు పుట్టిన ఏడాదిని ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లతో చెబుతారు. ఆ చక్రం అరవై ఏళ్లకొకసారి తిరిగివస్తుంది కనుక ప్రభవ అన్నంత మాత్రాన అది 1927-28 కావచ్చు, 1867-68 కూడా కావచ్చు. అప్పుడు ఊరంతా ఎరిగిన సంఘటనతో సరిచూడవలసి ఉంటుంది: దివిసీమలో అయితే 1977 నవంబరు ఉప్పెననాటికి పెద్దకొడుకుకు పెళ్లయిందా, తెలంగాణలో అయితే 1948 సెప్టెంబరు పోలీసు చర్యనాటికి ఆయనకు మీసకట్టు వచ్చిందా, రాయలసీమలో అయితే గంజి కేంద్రాలు నడిచిన కరువులో ఆయన ఊళ్లో ఉన్నాడా, వలస పోయాడా అని అడిగితే, తేదీలు గుర్తులేని మనిషి కూడా తడుముకోకుండా జవాబు చెబుతాడు. భూమి కాగితాల్లో కనిపించే ఫసలీ, అంటే పంటల లెక్కను బట్టి శిస్తు వసూలుకు వాడిన సంవత్సరం, మరో ఆధారం. ఆ సంఖ్యకు 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో తెలిపే దస్త్రం, తాతల నాటి భూమిని గుర్తించడానికి నేటికీ మొదట వెతికే కాగితం.

జీవితమంతా చెప్పమని అడిగితే ఏ పెద్దాయనా చెప్పలేడు. పాత ప్రామిసరీ నోటునో, అటక మీది కావడిపెట్టెనో, అరకనో చూపి అడిగితే మాట దానంతటదే సాగుతుంది. ఆ మాటను ఆయన యాసలోనే రాసుకోవడం అవసరం, ఎందుకంటే పాఠ్యపుస్తకాల భాషలోకి దిద్దినప్పుడు ముందుగా జారిపోయేవి పనిముట్ల పేర్లు, నేలల పేర్లు, కొలతల పేర్లు, అంటే ఆయన బతుకులో ఎక్కువ భాగం. ఆయన గతించాక ఈ పని ఆరంభించినవారు పుట్టింటి నుంచి వెళ్లిపోయిన ఆడపడుచులను, మేనత్తలను ముందుగా కలవడం మేలు. ఇంట్లో ఉండిపోయిన కొడుకులు ఆస్తి వరుసలో తండ్రిని గుర్తుంచుకుంటే, అత్తవారింటికి వెళ్లిన కూతుళ్లు ఆయన తమను సాగనంపిన తీరును, పండక్కి వచ్చి తీసుకుపోయిన బండిని, దాచి పంపిన డబ్బును గుర్తుంచుకుంటారు. పెద్దాయన భార్యను గురించి విడిగా అడగకపోతే ఆమె పేరు కూడా రాతలోకి రాదు; ధాన్యం కొలిచి, కూలీల లెక్క చూసి, ఆయన కోపానికీ పిల్లలకూ నడుమ నిలిచిన ఆమె లేకుండా రాసిన పెద్దరికం సగం చరిత్రే.

ప్రేమతో రాసేవారు దాచాలనుకునే విషయాలు ఉంటాయి: అన్నదమ్ముల వ్యాజ్యం, పేకాటలో పోయిన డబ్బు, కులం పేరిట ఎవరినో వాకిట్లోనే నిలబెట్టిన అలవాటు. బతికి ఉన్నవారికి కీడు చేసేవాటిని వదిలేయడం న్యాయమే గాని, ఆయనను మచ్చలేని మూర్తిగా మార్చడం న్యాయం కాదు, ఎందుకంటే వ్యాజ్యం ముగిశాక తమ్ముడి ఇంటికి తానే ముందుగా నడిచి వెళ్లిన మనిషి గొప్పతనం, ఆ వ్యాజ్యం సంగతి చెప్పినప్పుడే మనుమలకు అర్థమవుతుంది.