మ్యాన్‌హోళ్ల లెక్కలో మనిషెక్కడ?

బడిపిల్లలకు సైన్సుతో పాటు సైన్సు నీతి కూడా నేర్పాలంటున్నారు, అదీ కృత్యాల ద్వారా. మంచిదే. ఎవరి నీతి, ఎవరి చేతుల మీదుగా అని మేం అడుగుతున్నాం.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సైన్సు బోధనకు ఆరు గీటురాళ్లు పెట్టింది. అందులో ఒకటి నైతికత: నిజాయితీ, సహకారం, భయం నుంచీ దురభిప్రాయాల నుంచీ విముక్తి, ప్రాణుల పట్లా పర్యావరణం పట్లా శ్రద్ధ. ఆ జాబితాలో కులం పేరు లేదు. అక్కడ వదిలేసింది పాఠంలోకి వచ్చేసరికి ఏమైందో చూద్దాం.

ఆ చట్రం ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఏడో తరగతి సైన్సు పుస్తకం 2025లో కొత్తది వచ్చేదాకా నడిచింది. అందులో మురుగునీటి మీద ఒక పాఠం ఉండేది. నారింజ తొక్కలు, సబ్బుపొడి, సిరా చుక్కలు నీళ్లలో కలిపి, గాలి బుడగలు పంపి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ వేసి, శుద్ధి ఎట్లా జరుగుతుందో పిల్లలు తమ చేతులతో తెలుసుకునే పాఠం. దీన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. ఇంకో కృత్యం మురుగు పోయే దారి గీయమంది, మ్యాన్‌హోళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టమంది, తెరిచిన కాలువలో ఏ జీవులున్నాయో రాసుకోమంది. మ్యాన్‌హోల్లోకి ఎవరు దిగుతారో కనుక్కోమనలేదు. పురుగులు లెక్కకొచ్చాయి, మనిషి రాలేదు.

దీనివల్ల నీతే కాదు, సైన్సు కూడా సగమే అయింది. మురుగు గుంతలో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. గాలికన్నా బరువు గనక అడుగున నిలుస్తుంది. మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపుతుంది. దిగినవాడికి ప్రమాదం తెలిసేలోపే ఒళ్లు వశం తప్పుతుంది. ఆ వాయువును తరగతిలోకి తేనక్కర్లేదు. నిమ్మరసంలో వంటసోడా కలిపితే బొగ్గుపులుసు వాయువు పుట్టి జాడీ అడుగున నిలుస్తుంది. టీచరు కొవ్వొత్తి వెలిగించి దించితే ఆరిపోతుంది. పైన బతికిన మంట కింద ఎందుకు చచ్చిందో పిల్లలు చెప్పగలరు. అప్పుడు అడగాలి: ఇంత తెలిసీ మనిషిని ఎందుకు దింపుతున్నారు? దిగేవాళ్లలో ఎక్కువమంది దళితులే ఎందుకు? చేత్తో పాకీపని చేయించడాన్ని 1993లో ఒక చట్టం నిషేధించింది. రక్షణ లేకుండా మురుగు గుంతల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గాని చావులు ఆగలేదు. ఎందుకాగలేదన్నది తరగతిలో చర్చించాల్సిన ప్రశ్నే గదా!

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈ పాఠం చెప్తూ సఫాయి కార్మికుల బిడ్డను లేపి ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అని అడగొద్దు. అట్లా అడిగితే పాఠం పేరుతో అవమానించినట్టే. కృత్యం అయ్యాక జాడీలు కడగమనీ గది ఊడవమనీ ఎవరికి చెప్తున్నారో చూసుకోండి. వంతుల పట్టిక గోడకు అంటించండి, అందులో మీ పేరూ రాసుకోండి. ప్రయోగం కొందరిది, చీపురు ఇంకొందరిది అయితే పిల్లలు నేర్చుకునేది కులమే.

పుస్తకాలు రాసేవాళ్లను మేం కోరేది కష్టమైందేం కాదు. మ్యాన్‌హోళ్ల లెక్క పక్కన ఇంకొన్ని గడులు గీయండి: శుభ్రం చేసేది ఎవరు, యంత్రమా చేతులా, ఏ రక్షణ ఇచ్చారు, జీతమెంత. మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఈ నాలుగు ప్రశ్నలూ ఏడో తరగతి పిల్లలు అడగగలరు.