పగులు చివర పట్టుకున్నవాడే పనివాడు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ కొత్త ఇనుప రేకుల్ని రోబోలు అతుకుతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల పక్కన వెల్డింగ్ షాపుల్లో జరిగేది అంతకంటే చిక్కు పని. అక్కడికొచ్చే ఇనుము అప్పటికే దశాబ్దాలు బరువు మోసి అలిసిపోయి ఉంటుంది.

మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా తయారుచేసిన జావా, యెజ్డీ బండ్లనే తీసుకోండి. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదే వేరుశనగ మూటలు, పాలక్యాన్లు, ఇంటిల్లిపాది బరువూ పడుతుంది. పగులు ఎక్కువగా అతుకు నడుమ రాదు. కరిగిన లోహం పాత గొట్టాన్ని కలిసే అంచున మొదలవుతుంది. ఒక్క గుంతకు విరగని ఇనుము వేల గుంతల తర్వాత విరుగుతుంది. 1860లలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి తేల్చింది ఇదే.

కంటికి కనిపించే పగులు అసలు పగులంత పొడవుండదు. అందుకే మంచి పనివాడు ముందు వెల్డింగ్ హోల్డర్ పట్టుకోడు. రంగు, గ్రీజు, తుప్పు గీకేసి, కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడుస్తాడు. పైన సుద్దపొడి చల్లుతాడు. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు పొడిలోకి ఊరి, వెంట్రుకంత తడి గీత తేలుతుంది. ఆ గీత ముగిసే చోట 3 మి.మీ. రంధ్రం వేస్తే పగులు ముందుకు పాకదు. ఈ పని వదిలేసి పైపైన రాడ్డు పూస్తే, పగులు లోపలే ఉండి మళ్లీ నడక మొదలుపెడుతుంది. నా దృష్టిలో దాన్ని రిపేరు అనకూడదు.

తర్వాత గ్రైండరుతో పగులు వెంట లోతుగా గాడి తీయాలి. వేడికి ఇనుము లాగేస్తుంది కాబట్టి అసలు ఇరుసునే బిగించి, స్వింగ్ ఆర్మ్ రెండు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో కొలిచి, ముందు అక్కడక్కడ అతుకు చుక్కలు పెట్టాలి. పలచటి గొట్టానికి 2.5 మి.మీ. రాడ్డు చాలు. కొంచెం అతికి, ఆగి, ఇంకో వైపు అతకాలి. ఎర్తు క్లాంపు అతికే చోటికి దగ్గరగా ఉండాలి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి గుండ్లను కాలుస్తుంది. పనయ్యాక నీళ్లు చల్లకూడదు, దానంతటదే చల్లారాలి.

బలం కోసం పైన పట్టీ వేసేవాళ్లున్నారు. పట్టీని గొట్టానికి అడ్డంగా అతికితే ఆ అంచునే కొత్త పగులు పుడుతుంది. చివరలు చేపతోకలా కోసి, గొట్టం పొడవునా అతికితే బరువు మెల్లగా పంచుకుంటుంది.

ఈ ఓపికకు దక్కే కూలి తక్కువ. అయినా విడిభాగం దొరకని బండికి ఇదే దిక్కు. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, అతికే ముందు రంగు గీకించి చూడండి. బుష్షులు అరిగితే అవీ మార్పించండి. గొట్టం లోపలి నుంచి తుప్పు తినేసి ఉంటే మాత్రం ఎంత మంచి చేయైనా నిలబెట్టలేదు, అతికించకండి.