తాళం వేసిన డయలు

మా జేజి వాళ్ళ హాల్లో, గోడకు కొట్టిన చెక్క పలక మీద ఒక నల్ల ఫోను ఉండేది. ఇప్పుడది నా పుస్తకాల బీరువా మీద ఉంది. అల్లూరుకు అవతల, సముద్రం గాలి నేరుగా ఇంట్లోకొచ్చే ఊరు మాది. ఆ గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి రాలిపోయాయిగానీ ఈ ఫోను ఒంటికి ఏమీ కాలేదు. బేకలైటు కదా! 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ఈ ప్లాస్టిక్ ఒకసారి వేడికి గట్టిపడితే మళ్ళీ కరగదు. ముదురు రంగు రెసిను, అందులో కలిపే చెక్కపొడి - వీటి వల్ల దాన్ని నల్లగా చేయడమే తేలిక. మనం హుందాతనం అనుకున్న నలుపు వెనక ఉన్నది ఈ సౌలభ్యమే.

ఈ ఫోను వంశవృక్షం వెతికితే అందరూ తండ్రులే. 1930ల మొదట్లో ఎరిక్సన్ కోసం నార్వే చిత్రకారుడు జాన్ హైబెర్గ్ బేకలైటుకు రూపం దిద్దాడు. అమెరికాలో హెన్రీ డ్రైఫస్ 1937లో 302, 1949లో 500 నమూనాలు రూపొందించాడు. మన దేశంలో ఫోన్ల తయారీకి 1948లో బెంగళూరులో ఐ.టి.ఐ. మొదలైంది. డిజైన్ చరిత్రలు ఈ పేర్లనే వరసగా చెప్పుకుంటూ పోతాయి. ఆ ఫోను ఏ ఇంట్లో ఎవరి చేతికి అందింది, ఎవరికి అందలేదు అన్నది వాటికి పట్టదు.

స్త్రీ అసలు కనిపించదని కాదు. 1955లో వచ్చిన డ్రైఫస్ పుస్తకంలో జో, జోసెఫిన్ అని ఇద్దరు నమూనా మనుషులున్నారు. వస్తువు ఏదైనా వీళ్ళ కొలతలకు సరిపోవాలి. మంచి ఆలోచనే. కానీ జో యుద్ధట్యాంకులో ఇరుక్కుంటాడు, ట్రాక్టరు తోలుతాడు. జోసెఫిన్ ఇస్త్రీ చేస్తుంది, టెలిఫోన్ స్విచ్‌బోర్డు ముందు కూర్చుంటుంది, ఇల్లు శుభ్రం చేస్తుంది, టైపు కొడుతుంది. చేతులు, భుజాలు కొలిచినవాడు ఆ చేతులకు పని ఎవరు పురమాయించారని అడగలేదు. 1959లో అదే డ్రైఫస్ కార్యాలయం నుంచి స్త్రీల కోసమని ప్రిన్సెస్ ఫోను వచ్చింది. చిన్నది, ముద్దొచ్చే రంగులది. ఎంత తేలికంటే డయలు తిప్పుతుంటే బల్ల మీద జారిపోయేది! తర్వాత లోపల బరువు పెట్టాల్సి వచ్చింది.

మా ఇంటి ఫోను జారేది కాదు. తాత దాని డయలు రంధ్రంలో చిన్న తాళం వేసేవాడు. తాళంచెవి ఆయన బనీను జేబులో. తొంభైలలో రొయ్యల గుంటలు తవ్విన రోజులవి; నెల్లూరు నుంచి, మద్రాసు నుంచి రేటు కనుక్కోవడానికే ఫోను. "ఆడోళ్ళకు ఫోనెందుకు, ఏం మునిగిపోతా ఉండాదని?" అనేవాడు. మోగితే మాత్రం ఎత్తవలసింది జేజే. తేమకి మౌత్‌పీసులోని కార్బన్ రవ్వ ముద్దకట్టి అవతలివాళ్ళకు వినపడకపోతే, రిసీవర్ని అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి, "ఇప్పుడినపడతా ఉండాదా?" అని అరిచేది.

పిన్ని పుట్టిల్లు గూడూరు. పెళ్ళయిన మొదటి ఏడే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. డయలు తిరిగి వెనక్కి వస్తూ చేసే పనల్లా లైనును టకటకా తెంపి కలపడం. మూడుకు మూడుసార్లు, సున్నకు పదిసార్లు. రిసీవరు పెట్టే మీటను అదే వేగంతో నొక్కినా ఎక్స్ఛేంజికి తేడా తెలియదు. ఇది ఆమెకు ఇంజనీర్లెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం తాత గుంటల దగ్గరకు పోయాక, నేను వీధి తలుపు దగ్గర కాపలా. సున్నతో మొదలయ్యే ఎస్.టి.డి. కోడు, ఆపైన నంబరు, అన్నీ వేలి లెక్కే. ఒక్క దెబ్బ తప్పితే ఎవరింట్లోనో మోగేది. కలిసినరోజు ఆమె మాట్లాడేది రెండు నిమిషాలే: "అమ్మా, నేనే. బాగుండావా? సరే, పెట్టేస్తా."

బిల్లు ఎక్కువొచ్చిన నెలల్లో తాత కేకలేసింది ఎక్స్ఛేంజి వాళ్ళ మీద. పిన్ని పప్పు రుబ్బుకుంటూ ఉండేది.

పాత వస్తువులు సేకరించేవాళ్ళు ఇలాంటి ఫోన్లకు డయలు మీద గీతలుంటే ధర తగ్గిస్తారు. నా ఫోను డయలు మీద తాళం ఒరుసుకున్న గీత ఉంది. మీట పనికి మాత్రం ఏ గుర్తూ లేదు.

పోయిన సంక్రాంతికి పిన్ని మా ఇంటికొచ్చింది. లైను లేని ఆ ఫోను ముందు కూర్చుని, "ఏమ్మే, దీన్ని ఇంకా పెట్టుకోనుండావా?" అని నవ్వింది. తర్వాత మీట మీద వేలు పెట్టి తట్టడం మొదలుపెట్టింది. గూడూరులో ఆ ఇల్లు అమ్మేసి చాలా ఏళ్ళయింది. సున్న దగ్గరే లెక్క తప్పి, మళ్ళీ మొదట్నుంచి తట్టింది.