పేరు దాచని గూఢచారి

గూఢచారికి మొదటి లక్షణము గుర్తింపబడకుండుట. కౌటిల్యుడు అర్థశాస్త్రమున గూఢపురుషులకు చెప్పిన వేషములు, అనగా తాపసుడు, గృహస్థుడు, వర్తకుడు, భిక్షుకి మొదలైనవి, ఊరిలో ఎవరి కంటను ప్రత్యేకముగా పడనివి. జేమ్స్ బాండ్ ఇందుకు పూర్తిగా విరుద్ధుడు. జూదశాలలో అపరిచితుల యెదుట మొదట ఇంటిపేరును, వెంటనే పూర్తి పేరును చెప్పుకొనును. తాను త్రాగు పానీయము ఎట్లు కలుపవలెనో కూడ పనివానికి వివరించును. శత్రువు గృహమునకు అతిథిగా పోయి వాని బల్లపైననే భోజనము చేయును. ఇట్టివాడు గూఢచారి యెట్లగునని అడుగుట సమంజసమే. కాని 1962 నుండి 2021 వరకు వచ్చిన 25 చిత్రములను విడువక చూచిన ప్రేక్షకునికి ఆ ప్రశ్నతో పని లేకపోయినది. అతడు చూడవచ్చినది గూఢచర్యమును కాదు.

అతడు చూడవచ్చినది ఒక క్రతువును. తుపాకిగొట్టము లోనుండి చూచినట్లు తెల్లని వలయము, అందులో నడచి వచ్చు మనిషి, ఒక కాల్పు, తెరపై జారు ఎరుపు. మాంటీ నార్మన్ పేరిట ఉండి, జాన్ బారీ వాద్యకూర్పుతో ప్రసిద్ధమైన ఆ బాణీ. పై అధికారి గదిలో చీవాట్లు. యంత్రనిపుణుడు అప్పగించు వింత పరికరములు, అవి సరిగా ప్రాణాపాయసమయముననే అక్కరకు వచ్చుట. తోలుబొమ్మలాటకు పోవువాడు సీత చెర వీడునో లేదో తెలిసికొనుటకు పోడు. కేతిగాడు ఎప్పుడు వచ్చునా యని కాచుకొని యుండును. కథ ముందే తెలిసియుండుటయే అక్కడి సుఖము. షాన్ కానరీ మొదలు డేనియల్ క్రేగ్ వరకు ఆరుగురు నటులు మారినను ఈ పరంపర తెగకుండుటకు కారణమిదియే. 007 అనునది మనిషి కాదు, పదవి. 1973 నుండి 1985 వరకు ఏడు చిత్రములలో నటించిన రోజర్ మూర్ దానిని హాస్యముతో నిర్వహించెను. 2006లో వచ్చిన క్రేగ్ గాయములతో నిర్వహించెను. పదవి నిలిచినది.

శత్రువు విషయమునను ఇట్టి ముందుచూపే కనబడును. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో ప్రారంభించిన నవలలలో తొలినాట బాండ్‌కు ప్రధానశత్రువు సోవియట్ గూఢచారిసంస్థ. నిర్మాతలు ఆల్బర్ట్ బ్రాకొలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ ఆ స్థానమున ఏ దేశమునకును చెందని స్పెక్టర్ అను దుష్టకూటమిని నిలిపిరి. 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో ఉభయపక్షములను ఒకదానిపై ఒకటి ఉసికొల్పునది ఈ కూటమియే. ఇది ధర్మబుద్ధి కంటె వ్యాపారబుద్ధి యనవచ్చును. ఐనను దాని ఫలితముగా, 1991లో సోవియట్ రాజ్యము అంతరించినప్పుడు ఈ పరంపర దానితో పాటు అంతరింపలేదు. 1995లో 'గోల్డెన్ ఐ'లో క్రొత్తగా వచ్చిన స్త్రీ అధికారి బాండ్‌ను ఎదుటనే స్త్రీద్వేషి యనియు, ప్రచ్ఛన్నయుద్ధపు అవశేషమనియు నిందించును. విమర్శకుడు అనదలచినది పాత్రయే అనివేసినచో విమర్శకునికి మిగులునదేమి?

మిగులునది ఒకటి కలదు. దానిని క్రతువు కప్పిపుచ్చుచున్నది. మొదటి చిత్రము 'డాక్టర్ నో' జమైకాలో చిత్రింపబడునాటికి, అనగా 1962 తొలినాళ్లలో, ఆ ద్వీపము బ్రిటిష్ వలస. ఆగస్టు 6న అది స్వతంత్రమైనది. అక్టోబరు 5న లండనులో చిత్రము మొదట ప్రదర్శింపబడెను. తెరపై కనబడు గవర్నరు భవనపు దొరతనము ప్రేక్షకుని కంటికి చేరునప్పటికే గతించినదన్నమాట. సూయెజ్ పరాభవము జరిగి ఆరేండ్లయిన బ్రిటనుకు, లోకమును రక్షించువాడు ఇంకను లండను నుండియే బయలుదేరుచున్నాడను ఊరట ఎంత తీయనిదో ఊహింపవచ్చును. ఆ చిత్రమున బాండ్‌కు తోడుగా పడవ నడపు క్వారెల్ అను స్థానికుడు కలడు. సముద్రతీరమున బాండ్ వానిని తన జోళ్లు తెమ్మని ఆజ్ఞాపించును. మంటలు గ్రక్కు భూతమునకు భయపడు అమాయకునిగా వానిని చూపి, చివరకు ఆ మంటలకే ఆహుతి చేసిరి. కథ వానికై ఎక్కువసేపు నిలువదు.

ఇరువదియొక్క ఏండ్ల తరువాత, 1983లో, 'ఆక్టోపసీ' ఉదయపురమునకు వచ్చినది. బాండ్‌కు సాయపడు భారతీయ గూఢచారిగా టెన్నిస్ క్రీడాకారుడు విజయ్ అమృతరాజ్ నటించెను. అతడు పాములవాని వేషమున కూర్చుండి నాగస్వరముపై బాండ్ బాణీనే ఊదును. బాండ్ అది విని అతనిని గుర్తించును! క్రతువు తన్ను తాను ఎంతగా ఎరుగునో తెలుపు చమత్కారము ఇంతకంటె మరొకటి లేదు. కాని ఆ తరువాత నిప్పులు, మేకుల పాన్పు, కత్తి మ్రింగువాడు - విదేశీ యాత్రికుని ఛాయాచిత్రముల పుస్తకమంతయు వీథిలో దొర్లును. జూదమున గెలిచిన సొమ్ములో కొంత భారతీయ సహచరుని చేతిలో పెట్టుచు, ఇది కొన్ని వారముల కూరకు సరిపోవునని బాండ్ పరిహసించును. అమృతరాజ్ పాత్ర తరువాత హతమగును. ఈ రెండు చావుల నడుమ ఎన్నో దేశములు స్వతంత్రమైనవి. సహాయకుని పాత్ర మాత్రము మారలేదు. ఆతిథ్యమిచ్చు దేశము అందమును, నవ్వును, ఒక శవమును సమకూర్చవలెను.

ఇట్లని ఆ చిత్రములను చూచి ఆనందించిన భారతీయ ప్రేక్షకుని బానిసబుద్ధి గలవాడనుట తొందరపాటు. ఇట్టి వీరునిపై మక్కువ ఇచ్చట బాండ్‌తో పుట్టినది కాదు. 19వ శతాబ్దము చివర దేవకీనందన్ ఖత్రీ వ్రాసిన 'చంద్రకాంత'ను చదువుటకై పలువురు హిందీ నేర్చిరని ప్రసిద్ధి. అందలి ఐయారులు మారువేషములు వేయుదురు. మత్తుమందు మొదలైన సామగ్రిని సంచిలో మోయుదురు. ఐతే పట్టుబడిన ఐయారును బంధింపవలెనే గాని చంపరాదనుట వారి లోకపు కట్టుబాటు. చంపుటకు అనుమతి పొందుటయే ఘనతగా గల రెండు సున్నల వీరునికి ఈ నియమము అర్థము కాదు. 1966లో కృష్ణ నాయకుడుగా తెలుగులో 'గూఢచారి 116' వచ్చినది; మరుసటి యేడు జితేంద్ర నాయకుడుగా అదియే హిందీలో 'ఫర్జ్' అయినది. తుపాకి, వేగము, పాట, సంఖ్య - వీనిని స్వీకరించి లండనును వదలివేసిరి. కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అను పేరు వచ్చినది. సామ్రాజ్యము లేకయు క్రతువు సాగునని ఆ రెండు చిత్రములు చూపినవి.

ఆ సంగతి గ్రహించుటకు మాతృకకే చాలకాలము పట్టినది. 1969లో 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' చివర పెండ్లినాడే వధువు మరణించుటతో క్రతువు ఒకసారి భగ్నమైనది. పరంపరలో అదియే ఉత్తమచిత్రమనుట అతిశయోక్తి కాదు. కాని 1971 నాటి చిత్రము ఆ దుఃఖమును దాదాపు మరచి పాత దారిన పడినది. ఇక 2021 నాటి 'నో టైమ్ టు డై'లో బాండ్ ఉద్యోగము విడిచి జమైకాలో నివసించుచుండును. అతని సంఖ్య నోమి అను నల్లజాతి యువతికి ఇయ్యబడి యుండును. ఆ పాత్ర ధరించిన లషానా లించ్ జమైకా సంతతికి చెందిన నటి. చివర, శత్రువు ద్వీపమునుండి తల్లిని, బిడ్డను పడవలో తీసికొని ప్రాణములతో బయటపడునది నోమి. క్షిపణుల మంటలో ద్వీపముపై మిగిలిపోవువాడు బాండ్. ఈసారి జోళ్లు తెమ్మనుటకు ప్రక్కన ఎవరును లేరు. పనివారి పేర్లన్నియు తెరపై గడచిన పిదప, జేమ్స్ బాండ్ మరల వచ్చునను పాత వాక్యము యథాప్రకారము కనబడినది.