వర్ణం, రంగు, కులం: తెలుగులో జాతివివక్ష వ్యతిరేక భావన - ఒక పరిశీలన

1. ప్రస్తావన:
దక్షిణాఫ్రికాలోని అపార్థైడ్‌ను తెలుగు పత్రికలు ‘వర్ణవివక్ష’ అన్నాయి. రంగునూ చాతుర్వర్ణ్యాన్నీ ఒకే పదం సూచించడం వల్ల తెలుగులో జాతివివక్ష వ్యతిరేక ఆలోచన కులచర్చతో ముడిపడింది. ఈ అన్వయంలోని లాభనష్టాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘నల్ల’ అనే రూపకం:
గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనాన్ని నిరసించగా, కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. ఇందులో పీడకుడూ పీడితుడూ ఇద్దరూ ఈ దేశస్థులే. కాబట్టి ‘నల్ల’ ఇక్కడ శరీరలక్షణం కాదు, అధికారానికి గుర్తు. దొర మారినంత మాత్రాన దొరతనం పోదన్నది ఈ శీర్షికలోని వాదం.

3. ‘ఆది’ అనే పేరు:
1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ ‘పంచమ’ శబ్దాన్ని నిరాకరించారు. ‘ఆది ఆంధ్ర’ అనే పేరు నిలిచింది. హైదరాబాదులో అదే భావన ‘ఆది హిందూ’ ఉద్యమమైంది. ఆబిడ్స్‌కు చేరువలోని చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం వెలసింది. 1931 జనగణనలో ఆ పేరు నమోదైంది. ఇతరులు పెట్టిన పేరును తోసిపుచ్చి తమ పేరును తామే నిర్ణయించుకోవడం గొప్ప సామాజిక ఫలితం. అయితే ‘ఆది’ వెనుక ఆర్య-ద్రావిడ జాతి సిద్ధాంతం ఉంది. గౌరవానికి మూలవాసిత్వమే ఆధారమైతే, మూలాన్ని రుజువు చేయలేనివారి గౌరవం ప్రశ్నార్థకమవుతుంది. కులం జాతి విభజన కాదని డా. బి.ఆర్. అంబేడ్కర్ 1936లోనే వాదించారు. ధర్మన్న రూపకం ఈ వాదానికి దగ్గరిది.

4. డర్బన్ చర్చ:
2001 డర్బన్ సదస్సులో కులవివక్షను చర్చించాలని దళిత సంఘాలు కోరాయి. కులం జాతి కాదంటూ భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. అంబేడ్కర్ కులనిర్మూలన కోసం చెప్పిన మాట ఇక్కడ జవాబుదారీని తప్పించుకునే సాధనమైంది. కాబట్టి పోల్చవలసింది మూలాలను కాదు. పుట్టుకను బట్టి వాడను, వృత్తిని, వివాహాన్ని నిర్ణయించే పద్ధతులను.

5. రంగును రంగుగా చూడటం:
ఈ పోలికకు మరో హద్దు కూడా ఉంది. ఆరవ నిజాం కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ పేరు ఆబిడ్స్‌గా నేటికీ స్పష్టంగా వినిపిస్తుంది. నాంపల్లికి సమీపంలో నిజాం ఆఫ్రికా అశ్వికదళం పేరు మాత్రం ‘ఏ.సి. గార్డ్స్’ అనే పొడి అక్షరాలలో మరుగుపడింది. ఆ సిద్దీల వారసులు నేటికీ అక్కడున్నారు. రంగును కులానికి రూపకంగా మాత్రమే చదివితే వారి అనుభవానికి విమర్శలో చోటు దొరకదు.

6. ముగింపు:
జాతివివక్ష వ్యతిరేక భావన తెలుగు విమర్శకు సంఘీభావాన్ని, అంతర్జాతీయ వేదికను ఇచ్చింది. వాటిని నిలుపుకొంటూనే మూలవాద తర్కాన్ని వదులుకోవాలి. ‘వర్ణం’ అన్న ప్రతిచోటా అది రంగా, కులమా అని విడదీసి చదవడం అందుకు తొలి మెట్టు.